కనిపించని కణానికి లెక్క కట్టిన హాన్స్ గైగర్

1908లో ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలకు ఒక సంఖ్య కావలసి వచ్చింది. ఒక గ్రాము రేడియం నుంచి ఒక్క సెకనులో ఎన్ని ఆల్ఫా కణాలు బయటికి వస్తాయి? ఆల్ఫా కణం కంటికి కనపడదు, ఏ సూక్ష్మదర్శినికీ అందదు, దాన్ని తూచే త్రాసు లేదు. అయినా ఉజ్జాయింపు జవాబు వాళ్లకు పనికిరాదు. ఒకటి, రెండు, మూడు అని విడివిడిగా లెక్కపెట్టి తేల్చిన సంఖ్య కావాలి. ఆ ఇద్దరిలో పెద్దాయన ఎర్నెస్ట్ రూథర్‌ఫోర్డ్. ఆయన పేరు బడి పుస్తకాల్లోనే మనకు పరిచయం. రెండో ఆయన పాతికేళ్ల జర్మన్ యువకుడు, పేరు హాన్స్ గైగర్.

గైగర్ పేరు కూడా మనం వినే ఉంటాం, కానీ మనిషి పేరుగా కాదు. రేడియేషన్ ఉన్నచోట టిక్ టిక్‌మని చప్పుడు చేసే పెట్టె పేరుగా విన్నాం. పరికరం ఎంత ప్రసిద్ధమైందంటే, దాన్ని తయారుచేసిన వ్యక్తి దాని వెనక్కి వెళ్లిపోయారు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. పరమాణువు గురించి గత శతాబ్దం తెలుసుకున్న పెద్ద సంగతులన్నీ లెక్క మీద నిలబడ్డాయి. ఆ లెక్కను నమ్మదగినదిగా చేయడమే గైగర్ ముప్పై ఏళ్లకు పైగా చేసిన పని.

ఆయన 1882 సెప్టెంబరు 30న జర్మనీలోని నాయ్‌స్టాట్ పట్టణంలో పుట్టారు. తండ్రి విల్‌హెల్మ్ గైగర్ మన దేశానికి సంబంధించిన చదువుల్లో దిట్ట. ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, పాళీ భాషా పండితుడు. సింహళ చరిత్ర గ్రంథమైన మహావంశాన్ని తాళపత్ర ప్రతులు పోల్చి పరిష్కరించి 1908లో ప్రచురించారు. కొడుకు ఆల్ఫా కణాలు లెక్కపెట్టిన ఏడాదీ అదే. తమ్ముడు రుడాల్ఫ్ గైగర్ వాతావరణ శాస్త్రంలో పేరు పొందారు. ప్రపంచ దేశాల శీతోష్ణస్థితులను విభజించే కొప్పెన్-గైగర్ పటాల్లోని గైగర్ ఈయనే. పాఠాంతరాలు ఒక్కొక్కటే సరిచూసుకునే తండ్రి ఇంట్లో పెరగడం హాన్స్ ఓర్పుకు ఎంతవరకు కారణమో చెప్పలేం గాని, ఆ కుటుంబంలో పనిని తొందరపడి ముగించే అలవాటు మాత్రం ఎవరికీ లేదు.

1906లో ఎర్లాంగెన్‌లోనే వాయువుల్లో విద్యుత్ ప్రసారం మీద డాక్టరేట్ పూర్తిచేసి, మాంచెస్టర్‌లో ఆర్థర్ షుస్టర్ అనే ఆచార్యుడి దగ్గర సహాయకుడిగా చేరారు. మరుసటి ఏడాది షుస్టర్ తప్పుకున్నారు. ఆయన స్థానంలోకి కెనడా నుంచి రూథర్‌ఫోర్డ్ వచ్చారు. వాయువులో విద్యుత్తు ఎలా పోతుందో తెలిసిన కుర్రవాడు అప్పటికే అక్కడ ఉండటం రూథర్‌ఫోర్డ్‌కు కలిసి వచ్చింది. ఎందుకో చూద్దాం.

ఆల్ఫా కణాన్ని గుర్తుపట్టడానికి అప్పటికి తెలిసిన దారి ఒకటి ఉంది. జింక్ సల్ఫైడ్ పూసిన తెర మీద ఆల్ఫా కణం తగిలితే అక్కడ చిన్న మెరుపు పుడుతుంది. చీకటి గదిలో కూర్చుని, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి, సూక్ష్మదర్శినిలోంచి ఆ తెరను చూస్తూ మెరుపులు లెక్కపెట్టాలి. మెరుపులు మరీ దట్టంగా వస్తే కన్ను అందుకోలేదు, మరీ అరుదుగా వస్తే దృష్టి చెదిరిపోతుంది. కాసేపు చూడగానే కళ్లు అలసిపోతాయి. రూథర్‌ఫోర్డ్‌కు ఈ పని రెండు నిమిషాలు చేయడం కూడా కష్టమే. గైగర్ మాత్రం మధ్యమధ్య విరామం తీసుకుంటూ రాత్రంతా చిరాకు లేకుండా లెక్కపెట్టగలడని ఆయనే ఒక మిత్రుడికి ఉత్తరం రాశారు.

అయితే ఇందులో ఒక ఇబ్బంది ఉంది. తెర మీద పడిన ప్రతి కణానికీ మెరుపు పుడుతుందా, లేక కొన్ని మెరవకుండానే పోతున్నాయా? ఈ అనుమానం తీరాలంటే అదే లెక్కను పూర్తిగా వేరే దారిలో చేసి రెండూ సరిపోల్చాలి. అందుకని రూథర్‌ఫోర్డ్, గైగర్ విద్యుత్ దారి పట్టారు.

ఆల్ఫా కణం గాలిలో వెళ్తూ తనకు అడ్డొచ్చిన అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. దారి పొడవునా ధనావేశపు అయాన్లు, విడి ఎలక్ట్రాన్లు మిగులుతాయి. ఒక్క కణం వేల సంఖ్యలో ఇలాంటి జంటలను పుట్టిస్తుంది. వాటన్నిటినీ పోగుచేసినా వచ్చే విద్యుత్తు చాలా స్వల్పం, ఆనాటి మీటర్లలో ముల్లు కదలదు. దాన్ని ఎలాగైనా పెంచాలి. ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ టౌన్‌సెండ్ అంతకుముందే కనిపెట్టిన విషయం ఇక్కడ అక్కరకు వచ్చింది. బలమైన విద్యుత్ క్షేత్రంలో విడి ఎలక్ట్రాన్ వేగం పుంజుకుని తానే మరో అణువును ఢీకొని ఇంకో ఎలక్ట్రాన్‌ను విడిపిస్తుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. ఇలా వేల రెట్లు పెరుగుతుంది.

వాళ్లు ఒక ఇత్తడి గొట్టం తీసుకున్నారు. దాని నడిమధ్యగా, గొట్టానికి తగలకుండా ఒక సన్నని తీగ లాగారు. లోపల గాలి ఒత్తిడి బాగా తగ్గించారు. గొట్టానికీ తీగకూ మధ్య వెయ్యి వోల్టులకు పైగా ఉంచారు. తీగ ఎందుకంత సన్నగా ఉండాలి? విద్యుత్ క్షేత్రం సన్నని తీగ చుట్టూ చాలా బలంగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ బలహీనపడుతుంది. కాబట్టి గొట్టంలో ఎక్కడ ఎలక్ట్రాన్ పుట్టినా అది తీగ వైపు నెమ్మదిగా జరిగి, తీగ దగ్గరికి చేరాకే ఈ రెట్టింపుల పరంపర మొదలవుతుంది. ఫలితంగా ఒక్క ఆల్ఫా కణం లోపలికి వస్తే మీటరు ముల్లు కంటికి కనపడేలా ఒక్కసారి ఎగిరి కిందికి దిగుతుంది. రేడియం పొర నుంచి వచ్చే కణాలన్నిటినీ లోపలికి వదిలితే లెక్క తప్పుతుంది. అందుకే మూలాన్ని దూరంగా, గాలి తీసేసిన పొడవైన గొట్టం చివర పెట్టి, సన్నని రంధ్రం గుండా నిమిషానికి నాలుగైదు మాత్రమే వచ్చేట్టు చేశారు. రంధ్రం వైశాల్యం తెలుసు, దూరం తెలుసు. దాని నుంచి మొత్తం ఎన్ని వెలువడుతున్నాయో గణించవచ్చు.

జవాబు వచ్చింది. ఒక గ్రాము రేడియం సెకనుకు సుమారు 3,400 కోట్ల ఆల్ఫా కణాలను వెదజల్లుతుంది. తర్వాతి కొలతలు దీన్ని 3,700 కోట్లకు సరిచేశాయి. రేడియోధార్మికతను కొలిచే క్యూరీ అనే ప్రమాణం ఈ సంఖ్యే. నిమిషానికి నాలుగైదు చొప్పున లెక్కపెట్టిన ఇద్దరు మనుషులు, వేల కోట్ల సంఖ్యను పదో వంతు కంటే తక్కువ తేడాతో పట్టుకున్నారు. మెరుపుల లెక్కతో సరిచూస్తే అదీ దీనితో కలిసింది. అంటే జింక్ సల్ఫైడ్ తెరను నమ్మవచ్చు. ఈ చిన్న నిర్ధారణ లేకపోతే తర్వాతి అయిదేళ్ల పని అసలు సాగేది కాదు.

ఇంకో ఫలితం కూడా దీనితో వచ్చింది. ఆల్ఫా కణాల మొత్తం విద్యుదావేశాన్ని కొలిచి, దాన్ని కణాల సంఖ్యతో భాగిస్తే ఒక్కోదానికి ఎంత ఆవేశమో తెలుస్తుంది. అది ప్రాథమిక ఆవేశానికి రెట్టింపని వాళ్లు తేల్చారు. దాన్ని రెండుతో భాగిస్తే వచ్చిన ప్రాథమిక ఆవేశం విలువ, మాక్స్ ప్లాంక్ కొన్నేళ్ల ముందు వేడి వస్తువుల కాంతి సూత్రం నుంచి రాబట్టిన విలువకు చాలా దగ్గరగా ఉంది. ఒకరు కొలిమి వెలుగు నుంచి బయలుదేరారు, మరొకరు రేడియం నుంచి. ఇద్దరూ ఒకే సంఖ్య దగ్గర కలుసుకున్నారు. పరమాణువులు కేవలం ఊహేనని ఇంకా వాదిస్తున్నవాళ్లు ఉన్న రోజులవి. ఇలాంటి కలయికల వల్లే ఆ వాదం ఆగింది.

1909లో గైగర్ దగ్గర ఎర్నెస్ట్ మార్స్‌డెన్ అనే ఇరవై ఏళ్ల విద్యార్థి పని నేర్చుకుంటున్నాడు. అతనికి ఏదైనా చిన్న పరిశోధన ఇవ్వాలని గైగర్ అడిగితే, ఆల్ఫా కణాలు లోహపు రేకు నుంచి వెనక్కి తిరిగి వస్తాయేమో చూడమని రూథర్‌ఫోర్డ్ సూచించారు. వస్తాయని ఆయనకే నమ్మకం లేదు. కానీ వచ్చాయి. ప్లాటినం మీద పడిన ఎనిమిది వేల కణాల్లో సుమారు ఒకటి వెనక్కి తిరిగింది. దీని మీద ఆలోచించి 1911లో రూథర్‌ఫోర్డ్ పరమాణు కేంద్రకాన్ని ప్రతిపాదించారు. మన పుస్తకాల్లో కథ సాధారణంగా ఇక్కడితో అయిపోతుంది. అసలు కష్టమైన పని ఆ తర్వాతే జరిగింది.

కేంద్రకం నిజంగా ఉంటే, ఏ కోణంలో ఎన్ని కణాలు చెదరాలో రూథర్‌ఫోర్డ్ సూత్రం కచ్చితంగా చెబుతుంది. రేకు మందం రెట్టింపయితే ఎంత, కణం వేగం తగ్గితే ఎంత, బంగారం బదులు వెండి అయితే ఎంత, అన్నీ ముందే చెబుతుంది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా సూత్రం కూలిపోతుంది. గైగర్, మార్స్‌డెన్ చీకటి గదిలో కూర్చుని కోణం మార్చి, రేకు మార్చి, వేగం మార్చి లెక్కపెడుతూ పోయారు. 1913లో ప్రచురించిన ఆ పనిలో లక్షకు పైగా మెరుపులు కంటితో చూసి లెక్కపెట్టారు. సూత్రం ప్రతిచోటా నిలబడింది. కేంద్రకం రూథర్‌ఫోర్డ్ మెదడులో పుట్టిందన్నది నిజమే. కానీ అది లోకం ఒప్పుకున్న సత్యం కావడానికి ఈ లక్ష మెరుపులే కారణం. ఆ లెక్క చేసినవాళ్లకు పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యానికి మించి చోటు దక్కకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

మధ్యలో, 1910లో, రూథర్‌ఫోర్డ్‌తో కలిసి గైగర్ చేసిన ఇంకో పని ఉంది. నాకు వ్యక్తిగతంగా అన్నిటికంటే నచ్చేది ఇదే. రేడియేషన్ మీటరు చూసే ప్రతి మనిషికీ దీని అవసరం ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

కణాలు ఒకదాని తర్వాత ఒకటి సమానమైన వ్యవధిలో వస్తాయా? రేకుల కప్పు మీద పడే తొలి చినుకులను వినండి. రెండు చినుకులు వెంటవెంటనే పడతాయి, కాసేపు ఏమీ ఉండదు, మళ్లీ మూడు ఒక్కసారే పడతాయి. సగటు నిలకడగానే ఉంటుంది గాని తర్వాతి చినుకు ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. రేడియోధార్మిక పదార్థం కూడా అలాగే ప్రవర్తిస్తుందా, లేక ఒక కణం బయటపడటం ఇంకో కణాన్ని ప్రేరేపిస్తుందా? ఇది తేల్చడానికి వాళ్లు పొలోనియం మూలాన్ని పెట్టి, ఏడున్నర సెకన్ల వ్యవధులుగా కాలాన్ని విడగొట్టి, ఒక్కో వ్యవధిలో ఎన్ని మెరుపులు వచ్చాయో నమోదు చేశారు. మొత్తం 2,608 వ్యవధులు, 10,097 కణాలు. సగటున వ్యవధికి 3.87.

ఇక పట్టిక చూడండి. 57 వ్యవధుల్లో ఒక్క కణం కూడా రాలేదు. 203 వ్యవధుల్లో ఒకటి వచ్చింది. 383 వ్యవధుల్లో రెండు, 525 వ్యవధుల్లో మూడు, 532 వ్యవధుల్లో నాలుగు. పది, పదకొండు వచ్చిన వ్యవధులు కూడా కొన్ని ఉన్నాయి. హ్యారీ బేట్‌మన్ అనే గణితవేత్త, కణాలు ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేకుండా యాదృచ్ఛికంగా వస్తే ఎలా ఉండాలో లెక్కగట్టి ఇచ్చారు. ఆ లెక్క ప్రకారం సున్నా వచ్చే వ్యవధులు 54 ఉండాలి, మూడు వచ్చేవి 525 ఉండాలి. పరిశీలనలో వచ్చినవి 57, 525. ఏ పరమాణువు ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో దానికి ముందు జరిగినదానితో సంబంధం లేదని దీంతో తేలిపోయింది.

దీని నుంచి పనికొచ్చే సూత్రం ఒకటి వస్తుంది. మీరు మొత్తం ఎన్ని లెక్కపెట్టారో, దాని వర్గమూలం అంత హెచ్చుతగ్గు సహజం. వంద లెక్కపెడితే పది అటూ ఇటూ కావచ్చు, అంటే పది శాతం. పది వేలు లెక్కపెడితే వంద అటూ ఇటూ, అంటే ఒక్క శాతమే. మీటరు పది సెకన్లు చూసి చెప్పిన సంఖ్యకూ, పది నిమిషాలు చూసి చెప్పిన సంఖ్యకూ ఉన్న తేడా ఇదే. మొదటిదాంట్లో ఎక్కువ భాగం యాదృచ్ఛికమే కావచ్చు.

1911లో జాన్ నటాల్‌తో కలిసి గైగర్ మరో సంబంధం గుర్తించారు. వేగంగా దూసుకుపోయే ఆల్ఫా కణాలను వెలువరించే పదార్థాలు త్వరగా నశిస్తాయి, నెమ్మది కణాల పదార్థాలు చాలాకాలం నిలుస్తాయి. యురేనియం ఆల్ఫా కణం గాలిలో సుమారు 2.7 సెంటీమీటర్లు పోతుంది, యురేనియం అర్ధజీవిత కాలం 450 కోట్ల సంవత్సరాలు. పొలోనియం కణం 3.8 సెంటీమీటర్లు పోతుంది, అర్ధజీవిత కాలం 138 రోజులే. ఒక్క సెంటీమీటరు తేడా, కాలంలో ఇంత అగాధం. ఎందుకిలా అన్నది పదిహేడేళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. 1928లో జార్జ్ గామో, విడిగా గర్నీ, కాండన్ ద్వయం క్వాంటం సిద్ధాంతంతో వివరించారు. కేంద్రకం చుట్టూ ఉన్న శక్తి అడ్డుగోడను ఆల్ఫా కణం దాటకుండానే దాని గుండా బయటపడే అవకాశం కొద్దిగా ఉంటుంది, కణం శక్తి ఏ కాస్త పెరిగినా ఆ అవకాశం విపరీతంగా పెరుగుతుంది. క్వాంటం సిద్ధాంతం కేంద్రకం లోపల కూడా చెల్లుతుందని చూపిన మొదటి విజయాల్లో ఇదొకటి. దానికి కావలసిన కొలతలు గైగర్ బల్ల మీద ముందే సిద్ధంగా ఉన్నాయి.

1912లో ఆయన స్వదేశానికి వెళ్లి బెర్లిన్‌లోని ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో రేడియం ప్రయోగశాలకు అధిపతి అయ్యారు. మరుసటి ఏడాది, తీగ బదులు సూది మొనను వాడి కొత్త కౌంటర్ చేశారు. అది ఆల్ఫా కణాలతోపాటు బీటా కణాలనూ, అంటే వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్లనూ పట్టుకోగలదు. అదే ఏడాది మాంచెస్టర్ నుంచి జేమ్స్ చాడ్విక్ అనే యువకుడు ఆయన దగ్గరికి వచ్చాడు. ఆ కౌంటర్ సాయంతో చాడ్విక్ 1914లో ఒక వింత గమనించాడు. ఆల్ఫా కణాలు ఒక పదార్థం నుంచి నిర్దిష్టమైన శక్తితో వస్తాయి. బీటా కణాలు అలా కాక, సున్నా దగ్గరి నుంచి ఒక గరిష్ఠం దాకా ఏ శక్తితోనైనా వస్తున్నాయి. మరి మిగిలిన శక్తి ఎక్కడికి పోతోంది? దీనికి 1930లో వోల్ఫ్‌గాంగ్ పౌలి ఒక కనిపించని కణాన్ని ఊహించారు. అదే న్యూట్రినో. 1956లో గాని అది పట్టుబడలేదు.

అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. గైగర్ జర్మన్ ఫిరంగి దళంలోకి వెళ్లారు. శత్రుదేశస్థుడు కాబట్టి చాడ్విక్‌ను బెర్లిన్ శివార్లలోని రూలెబెన్ గుర్రప్పందేల మైదానంలో నిర్బంధించారు. యుద్ధం అయ్యేవరకు ఆయన అక్కడే ఉన్నారు. తర్వాత 1932లో న్యూట్రాన్ కనిపెట్టినది ఈ చాడ్వికే. 1930ల చివర ఆయన లివర్‌పూల్‌లో ఆచార్యుడిగా ఉండగా, ఆయన ప్రయోగశాలలో బీటా కిరణాల వర్ణపటాల మీద పనిచేసినవారిలో మన తెలుగువారు ఒకరున్నారు. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద. సన్యాసిగా జర్మనీ వెళ్లి, అక్కడ భౌతికశాస్త్రం వైపు మళ్లిన ఆయన, తర్వాత విశాఖపట్నం వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని కట్టి నిలబెట్టారు. అక్కడి పరిశోధనశాలలు ఆయన పేరుతోనే ఉన్నాయి.

యుద్ధం తర్వాత గైగర్ మళ్లీ బెర్లిన్‌లో పని మొదలుపెట్టారు. 1924లో నీల్స్ బోర్, మరో ఇద్దరితో కలిసి ఒక సాహసమైన ప్రతిపాదన చేశారు. శక్తి నిత్యత్వ నియమం ఒక్కో పరమాణు సంఘటనలో నిలబడనక్కర్లేదు, సగటున నిజమైతే చాలు అని. ప్రతిపాదించినది బోర్ కాబట్టి తోసిపుచ్చడం తేలిక కాదు. గైగర్, ఆయన సహచరుడు వాల్టర్ బోథే దీన్ని ప్రయోగంతో పరీక్షించారు. ఎక్స్‌రే ఎలక్ట్రాన్‌ను ఢీకొంటే ఎలక్ట్రాన్ ఒక పక్కకు, చెదిరిన ఎక్స్‌రే మరో పక్కకు పోతాయి. బోర్ చెప్పింది నిజమైతే ఈ రెండూ ఒకే క్షణంలో జరగాల్సిన పనిలేదు. వాళ్లు రెండు సూదిమొన కౌంటర్లను ఎదురెదురుగా పెట్టి, రెండూ ఒకేసారి స్పందించిన సందర్భాలను కదులుతున్న ఫిల్మ్ మీద నమోదు చేశారు. వెయ్యోవంతు సెకను లోపలే రెండూ కలిసి వస్తున్నాయని, ఆ కలయికలు కాకతాళీయం అనుకోలేనంత ఎక్కువగా ఉన్నాయని 1925లో తేలింది. బోర్ తన ప్రతిపాదన విరమించుకున్నారు. రెండు కౌంటర్లు ఒకేసారి మోగితేనే లెక్కలోకి తీసుకునే ఈ పద్ధతి నేటి కణ భౌతిక ప్రయోగాలన్నిటికీ పునాది. ఆస్పత్రుల్లో క్యాన్సర్‌ను వెతికే పెట్ స్కాన్ కూడా ఈ పద్ధతి మీదే పనిచేస్తుంది. దీనికి 1954లో బోథేకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గైగర్ చనిపోయి తొమ్మిదేళ్లయింది.

1925లో గైగర్‌కు కీల్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి వచ్చింది. అక్కడ ఆయన శిష్యుడు వాల్టర్ ముల్లర్‌తో కలిసి 1928లో చేసినదే ఇప్పుడు మనం గైగర్ కౌంటర్ అంటున్న పరికరం. దాన్ని గైగర్-ముల్లర్ కౌంటర్ అనడమే సబబు. సూదిమొన కౌంటర్ మొండిది. ఇవాళ పనిచేసినట్టు రేపు పనిచేయదు. మళ్లీ 1908 నాటి గొట్టం, తీగ రూపానికే తిరిగి వెళ్లి, ముల్లర్ ఒక ముఖ్యమైన సంగతి గమనించాడు. రేడియోధార్మిక పదార్థం దగ్గర లేకపోయినా గొట్టం తనంతట తాను మోగుతోంది. ఇది పరికరంలోని లోపమని అందరూ అనుకునేవారు. చుట్టూ సీసపు దిమ్మలు పేరిస్తే ఆ మోతలు తగ్గాయి, కానీ పూర్తిగా పోలేదు. అవి లోపం కాదు. నేల నుంచి, ఆకాశం నుంచి వస్తున్న నిజమైన రేడియేషన్. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలను ఒక్కొక్కటిగా పట్టుకోగలిగిన సాధనం అప్పటికప్పుడు చేతికొచ్చింది. ఏడాది తిరక్కుండానే బోథే, కోల్‌హోర్‌స్టర్ రెండు గొట్టాల మధ్య నాలుగు సెంటీమీటర్ల బంగారపు దిమ్మ పెట్టి, విశ్వకిరణాలు దాన్నీ దాటుకుపోతున్నాయని చూపారు.

ఈ గొట్టంలో రెట్టింపుల పరంపర తీగ చుట్టూ ఒకచోట ఆగదు. మధ్యలో పుట్టే అతినీలలోహిత కాంతి తీగ పొడవునా కొత్త పరంపరలను రగిలిస్తుంది. చిన్న కణం వచ్చినా పెద్ద కణం వచ్చినా ఒకే పరిమాణపు పెద్ద విద్యుత్ స్పందన వస్తుంది. స్పీకర్‌కు కలిపితే టిక్కుమంటుంది. వోల్టేజి ఒక స్థాయి దాటాక, దాన్ని కొంత పెంచినా తగ్గించినా లెక్క పెద్దగా మారదు. గ్రాఫ్ గీస్తే అక్కడ గీత సమతలంగా, పీఠభూమిలా కనిపిస్తుంది. మన ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థులకు ఈ గీత బాగా పరిచయం. పరికరం నమ్మకమంతా ఆ సమతలంలోనే ఉంది. ఒకసారి మోగాక ఆ పరంపరను ఆపాలి, లేకపోతే గొట్టం ఆగకుండా మోగుతుంది. అందుకు 1937లో ట్రోస్ట్ ఆల్కహాలు ఆవిరిని, 1947లో లీబ్‌సన్ హాలోజన్ వాయువులను కలిపారు. ఇప్పటి గొట్టాలు ఎక్కువగా ఈ రెండో రకం.

దీని పరిమితులూ తెలుసుకోవాలి. స్పందనలన్నీ ఒకే పరిమాణం కాబట్టి వచ్చిన కణం శక్తి ఎంతో ఇది చెప్పలేదు. గామా కిరణాల్లో వందకు ఒకటి రెండింటినే పట్టుకుంటుంది. ఆల్ఫా కణాలు కావాలంటే గొట్టానికి పలుచని అభ్రకపు కిటికీ ఉండాలి. ఒకసారి మోగాక సెకనులో పదివేలవ వంతు కాలం పాటు అది చెవిటిదవుతుంది. రేడియేషన్ మరీ తీవ్రంగా ఉంటే ఆ చెవుడు ఎడతెగకుండా సాగి, మీటరు సున్నా చూపే ప్రమాదం కూడా ఉంది. ఏ రకం మీటరుకైనా దాని కొలత హద్దు తెలియాలి. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగిన తొలిగంటల్లో గంటకు 3.6 రాంట్‌జెన్లు అని పై అధికారులకు చెప్పారు. అది అక్కడి రేడియేషన్ కాదు, అందుబాటులో ఉన్న మీటరు చూపగల గరిష్ఠం. అసలుది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ.

1933లో హిట్లర్ వచ్చాక గైగర్ ప్రవర్తన గురించి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. అప్పుడు ఆయన ట్యుబింగెన్‌లో ఆచార్యుడు. అక్కడ పనిచేస్తున్న యువ శాస్త్రవేత్త హాన్స్ బేథే తల్లి యూదు కావడంతో ఉద్యోగం పోయింది. బేథే ఉత్తరం రాస్తే గైగర్ నుంచి వచ్చిన జవాబు ఎంత ముక్తసరిగా, నిర్దయగా ఉందో బేథే జీవితాంతం గుర్తుపెట్టుకున్నారు. మరోపక్క, 1936లో బెర్లిన్‌కు మారాక, సిద్ధాంత భౌతికశాస్త్రాన్ని యూదుల విజ్ఞానమని నాజీ పక్షపు శాస్త్రవేత్తలు దూషిస్తుంటే, హైజెన్‌బర్గ్, మాక్స్ వీన్‌లతో కలిసి దానికి వ్యతిరేకంగా ప్రభుత్వానికి మహజరు ఇచ్చారు. 75 మంది ఆచార్యులు సంతకాలు చేశారు. 1939 సెప్టెంబరులో అణ్వాయుధ సాధ్యాసాధ్యాల మీద సైన్యం పిలిచిన యురేనియం సమావేశానికీ వెళ్లారు. శాస్త్రాన్ని కాపాడటానికి ఆయన గొంతు విప్పారు, పక్కనున్న మనిషిని కాపాడటానికి విప్పలేదు. ఆయన పని మీద నాకున్న గౌరవం ఈ మాట చెప్పకుండా ఆపలేదు.

చివరి ఏళ్లు కీళ్లవాతంతో మంచాన పడ్డారు. 1945 వేసవిలో ఇల్లు వదిలి పోట్స్‌డామ్ చేరి, సెప్టెంబరు 24న చనిపోయారు. హిరోషిమా మీద బాంబు పడి అప్పటికి ఏడు వారాలు. ఆ ఊళ్లో ఎక్కడ ఎంత ప్రమాదం మిగిలి ఉందో వెతికినవాళ్ల చేతుల్లోనూ కౌంటర్లే ఉన్నాయి.

మన దేశానికి ఈ విద్య విశ్వకిరణాల దారిలోనే వచ్చింది. హోమీ భాభా బొంబాయిలో టాటా మౌలిక పరిశోధన సంస్థలో విశ్వకిరణాల పరిశోధన మొదలుపెట్టినప్పుడు, అక్కడ కౌంటర్లకు కావలసిన ఎలక్ట్రానిక్స్ పని చూసినవారు అయ్యగారి సాంబశివరావు. ఆయనది మొగల్లు, అదీ భీమవరం ప్రాంతమే. 1967లో హైదరాబాదులో ఆయన నిలబెట్టిన ఈసీఐఎల్‌కు మూలం అణుశక్తి విభాగానికి రేడియేషన్ మీటర్లు, నియంత్రణ పరికరాలు ఇక్కడే తయారు చేసుకోవాలన్న పట్టుదల. ఆయన పేరే పెట్టుకున్న ఏఎస్ రావు నగర్ మీదుగా రోజూ వెళ్లేవాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే బాగుంటుంది.

మీటరు లేకపోతే ఏం జరుగుతుందో 2010లో ఢిల్లీ మాయాపురి పాతసామాన్ల బజారు చూపించింది. ఏళ్ల తరబడి వాడకుండా మూలపడిన ఒక ప్రయోగశాల యంత్రాన్ని వేలంలో అమ్మేశారు. దాని లోపల కోబాల్ట్-60 ఉందని ఎవరూ సరిచూడలేదు. పనివాళ్లు దాన్ని విప్పారు. ఒకరు ప్రాణం కోల్పోయారు, మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. పసుపు మీద మూడు రెక్కల గుర్తు ఉన్న బరువైన సీసపు డబ్బా ఎక్కడ కనపడినా విప్పకండి, దూరంగా వెళ్లి పోలీసులకు చెప్పండి.

అలాగని మీటరు మోగిన ప్రతిసారీ హడలిపోనక్కర్లేదు. ఏ మూలమూ దగ్గర లేకపోయినా అది మోగుతూనే ఉంటుంది. హైదరాబాదు గ్రానైటు రాళ్లలో కొద్దిగా యురేనియం, థోరియం ఉంటాయి. భీమిలి ఇసుకలో మోనజైట్ ఉంది. మన ఒంట్లోని పొటాషియం కూడా రేడియేషన్ వెలువరిస్తుంది. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి అందే మోతాదు సుమారు 2.4 మిల్లీసీవర్ట్‌లు. కాబట్టి ఎవరైనా మీటరు మోగుతున్న వీడియో చూపించి మీ ఊరు విషమయమైందని చెబితే, మూడు సంగతులు అడగండి. అక్కడ మామూలు రోజుల్లో లెక్క ఎంత? ఇప్పటి సంఖ్య ఏ ప్రమాణంలో ఉంది? ఎంతసేపు కొలిచారు? ఈ మూడింటికీ జవాబు ఉంటే ఆ మాటను తీసిపారేయకండి, అధికారుల చేత మళ్లీ కొలిపించండి.